కదలనంటే కదలని మర

మే నెల చివరి వారంలో ఒకనాటి మధ్యాహ్నం పన్నెండేళ్ళ కుర్రవాడొకడు తువ్వాలులో ఏదో మూటగట్టుకుని వచ్చి మా వీధి అరుగు మీద కూర్చున్నాడు. వాడిది కళింగపట్నం. వాడి తండ్రి నా దగ్గర చదువుకున్నవాడే. ఇప్పుడు గుజరాత్‌లోని వెరావల్ రేవులో బోటు మీద పని చేస్తున్నాడు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరగ్రామాల నుంచి చాలామంది ఇట్లా ఏటా వెరావల్ వెళ్ళి నెలల తరబడి ఉంటారు. పడమటి సముద్రంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు మరబోట్ల వేట నిషేధం గనక ఆ వేళకు ఇళ్ళకు తిరిగివస్తారు.

"ఏమిట్రా అది?" అన్నాను.

మూట విప్పాడు. లోపల ఒక గాలం రీలు ఉన్నది.

రీలు అంటే చూడని పిల్లలకు చెబుతాను. మామూలు గాలానికి కర్ర, తాడు, ముల్లు చాలు. తాడు చాలా దూరం విసరాలన్నా, చేప చిక్కినప్పుడు చకచకా చుట్టాలన్నా కర్రకు ఒక చుట్టుడు యంత్రం బిగిస్తారు. పిడి ఒక్కసారి తిప్పితే లోపలి పళ్ళచక్రాలు చుట్టను నాలుగైదుసార్లు తిప్పుతాయి. నైలాన్ తంగూసు దానిమీదికి చుట్టుకుంటుంది. అదే రీలు. వీడు తెచ్చినది జపాన్‌లో తయారైనది. వాడి తండ్రి ఎంతో ఇష్టపడి కొనుక్కున్నదట.

"మా అయ్యది, మేస్టారూ. వంశధార మొగలో గాలం ఎయ్యడానికి అడక్కుండా తీసేను. ఇసకలో పడిపోనాది. అప్పట్నుంచి గరగరమంటంది. ఇప్పి తుడిసేద్దామంటే ఇస్క్రూ రావట్నేదు. అయ్య అయిదు రోజుల్లో వచ్చేత్తాడు."

రీలు చేతిలోకి తీసుకున్నాను. పక్క మూతకు నాలుగు మరమేకులు ఉన్నాయి. మూడింటి తలలు బాగానే ఉన్నాయి. నాలుగోదాని తల మీద ఉండవలసిన కూడికగుర్తు గాడి కరిగిపోయి చిన్న గుంటలాగా తయారైంది.

"దీనిమీద ఏమేమి ప్రయోగించావు?"

మొదట కూరలు కోసే కత్తి. తరవాత మోటారు సైకిళ్ళు బాగుచేసే దుకాణంనుంచి తెచ్చిన స్టారు డ్రైవరు. అది జారినకొద్దీ మరింత బలంగా తిప్పాడు. వాణ్ణి కోప్పడే అర్హత నాకు లేదు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు బడి గోడగడియారం ఆగిపోతే సెలవురోజున ఒక్కణ్ణే కూర్చుని ఇట్లాగే దాని మరమేకు తల అరగదీశాను. మర్నాడు, "తుప్పు పట్టిందండీ," అని తప్పించుకున్నాను. తుప్పూ లేదు, పాడూ లేదు.

"అయిదు రోజులున్నాయి గనక మొదటి రోజు దీన్ని డ్రైవరుతో ముట్టుకోం," అన్నాను.

వాడికి ఆ మాట నచ్చలేదు. కాని మర ఎందుకు బిగుసుకుపోయిందో తెలియకుండా దానితో కుస్తీ పడితే మరే గెలుస్తుంది.

అసలు మర అంటే ఏమిటి? మీరొక పని చెయ్యండి. కాగితాన్ని ఒక మూలనుంచి ఎదుటి మూలకు కత్తిరిస్తే వాలుగా ఉన్న త్రికోణం వస్తుంది. నిటారుగా ఉన్న అంచును పెన్సిలుకు ఆనించి కాగితాన్ని చుట్టండి. వాలు అంచు పెన్సిలు చుట్టూ మెలిక తిరుగుతూ పైకి ఎక్కుతుంది. మరమేకు అంటే అదే, కడ్డీ చుట్టూ చుట్టిన వాలుబాట. బస్తాను నిట్టనిలువున ఎత్తడంకంటే వాలుగా వేసిన బల్ల మీద నెట్టడం తేలిక అని మీకు తెలుసు. మూడు మిల్లీమీటర్ల మందం గల మామూలు మరమేకు ఒకసారి పూర్తిగా తిరిగితే అరమిల్లీమీటరు మాత్రమే లోపలికి పోతుంది. మూడు సెంటీమీటర్ల మందం గల డ్రైవరు పిడిని పట్టుకున్న చెయ్యి అదే వేళలో సుమారు 94 మిల్లీమీటర్లు తిరుగుతుంది. 94ని అరతో భాగించి చూడండి. రాపిడి లేకపోతే చేతిబలం 188 రెట్లవుతుందన్నమాట! నిజానికి అందులో చాలాభాగాన్ని రాపిడి తినేస్తుంది. తినేస్తుంది కాబట్టే బిగించిన మర తనంత తాను ఊడిరాకుండా నిలిచి ఉంటుంది. ఆ రాపిడికి సముద్రం కూడా తోడైతేనే మనకు చిక్కు.

మూత అంచు వెంట తెల్లని పొడి కనిపించింది. "ఉప్పు," అన్నాడు కుర్రవాడు. కొంత ఉప్పే. మిగిలినది అల్యూమినియం తుప్పు. ఇనుము తుప్పు ఎర్రగా ఉంటుంది, అల్యూమినియం తుప్పు తెల్లగా ఉంటుంది. ఏ తుప్పయినా తాను పుట్టిన లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మర చుట్ల మధ్య వెంట్రుక దూరనంత సందులో ఇది పుట్టిందంటే మేకుకు చీల కొట్టినట్టే.

రీలు ఒళ్ళు అల్యూమినియం, మరమేకులు స్టెయిన్‌లెస్ స్టీలు. రెండూ విడివిడిగా ఉంటే చాలాకాలం బాగానే ఉంటాయి. రెండింటినీ ఆనించి ఉప్పునీరు తగిలిస్తే కథ మారిపోతుంది. ఈ సంగతి వెనకటికి ఇంగ్లీషువాళ్ళకు ఒక ఓడ నేర్పింది.

దాని పేరు 'అలారం'. బ్రిటిష్ నౌకాదళానికి చెందిన యుద్ధనౌక. సముద్రంలో కొయ్యను తొలిచే పురుగులుంటాయి. వాటి బాధ పడలేక 1761లో ఆ ఓడ అడుగంతా రాగిరేకు తాపడం చేశారు. రేకును ఇనుప మేకులతో బిగించారు. రెండేళ్ళ తరవాత పరీక్షించి చూస్తే, రాగి తగిలిన చోట్ల ఇనుప మేకులు తినివేయబడి రేకులు ఊడిపోతున్నాయి. విచిత్రమేమంటే కొన్ని మేకులు మాత్రం చెక్కుచెదరలేదు. ఎందుకని? రాగిరేకులు గోధుమరంగు కాగితంలో చుట్టి వచ్చాయి. పనివాళ్ళు కొన్నిచోట్ల ఆ కాగితం పూర్తిగా తియ్యకుండానే మేకులు కొట్టేశారు. కాగితం అడ్డుండి రాగి ఇనుముకు తగలని చోట మేకు బతికిపోయింది! అంత పెద్ద ఓడలో ఆ పాటి కాగితం ముక్క కాపాడినదాన్ని ఇంకేదీ కాపాడలేకపోయింది.

కారణం అప్పటికి ఎవరికీ తెలియదు. 1800లో ఓల్టా రెండు రకాల లోహపు బిళ్ళలు, ఉప్పునీటిలో తడిపిన అట్టలు దొంతరగా పేర్చి విద్యుత్తు పుట్టించిన తరవాత సంగతి బోధపడింది. బడిలో నిమ్మకాయకు రాగితీగ, జింకు పూత మేకు గుచ్చి మీరు చేసే ప్రయోగం అదే. రెండు వేరువేరు లోహాలు, వాటి మధ్య ఉప్పునీరు, ఇంతే విద్యుద్ఘటం. అందులో ఒక లోహం కరిగిపోతూ రెండోదాన్ని కాపాడుతుంది. రాగి, ఇనుము కలిస్తే ఇనుము కరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం కలిస్తే అల్యూమినియం కరుగుతుంది. అంటే కుర్రవాడి రీలులో మరమేకు తుప్పు పట్టలేదు. దాని చుట్టూ ఉన్న రంధ్రం తుప్పుపట్టి మేకును పట్టుకుని కూర్చున్నది.

ఇందులోనే విరుగుడూ ఉన్నది. 1824లో హంఫ్రీ డేవీ అనే శాస్త్రజ్ఞుడు ఓడల రాగికి చిన్న ఇనుప ముక్కలో, జింకు ముక్కలో తగిలిస్తే ఆ ముక్కలే కరిగిపోయి రాగి మిగులుతుందని చూపించాడు. రాగి మిగిలింది గాని కరగని రాగి మీద నాచూ, గుల్లలూ చక్కగా పెరిగి ఓడ వేగం పడిపోయింది. నౌకాదళంవారు డేవీ ముక్కలు పీకేశారు! అయినా ఉపాయం పోలేదు. ఈనాడు పడవలకు తగిలించే మోటార్ల అడుగున బూడిదరంగు లోహపు ముక్క ఒకటి బిగించి ఉంటుంది. అరిగిపోవడమే దాని ఉద్యోగం. కొందరు అందంగా ఉంటుందని దానికి కూడా రంగు వేస్తారు. రంగు వేస్తే అది నీటికి తగలదు, పని చెయ్యదు.

మన తీరంలో పూర్వులు ఈ తంటా లేకుండానే గడుపుకున్నారు. తెప్ప అంటే దుంగలు తాళ్ళతో కట్టినది. అలలు విరిగే చోట నడిపే పెద్ద పడవలలో పలకలను కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టేవారు. అల కొట్టినప్పుడు కుట్టు కొంచెం సాగి ఊరుకునేది, పలక పగిలేది కాదు. తాటికి తుప్పు లేదు. తాడు కుళ్ళితే విప్పి మళ్ళీ కుట్టుకునేవారు. ఇప్పుడు ఫైబరు తెప్పలు, మోటార్లు వచ్చాయి. వాటితో మరలూ వచ్చాయి.

సరే, మన రీలు దగ్గరికి వద్దాం.

మొదటి రోజు చేసినది ఒక్కటే. చుట్టను ఊడదీసి పక్కన పెట్టాం. గుడ్డ ముక్కను గోరువెచ్చని మంచినీటిలో తడిపి మూత మీద కప్పి, అరగంటకొకసారి మార్చాం. చాలామంది మొదటే నూనె పోస్తారు. ఉప్పు నూనెలో కరగదు, నీటిలోనే కరుగుతుంది. ఉప్పు గడ్డను అలాగే ఉంచి మీద నూనె పోస్తే దానికి గొడుగు పట్టినట్టవుతుంది. "చింతపండు రాత్తే?" అన్నాడు కుర్రవాడు. వాళ్ళ మామ్మ ఇత్తడి బిందె దానితోనే తోముతుందట. మంచి ప్రశ్న. చింతపండు పులుపు ఇత్తడి మీది చిలుమును పోగొడుతుంది. కాని పులుపు అల్యూమినియం తుప్పుతో ఆగకుండా అల్యూమినియాన్ని కూడా తింటుంది. సందుల్లో మిగిలిపోతే కడగడం మన వల్ల కాదు. సాయంకాలం సూదిమొనతో మరమేకుల గాళ్ళలోని ఇసక గీకి తీశాం. ఈ చిన్న పని మానరాదు. గాడి అడుగున రెండు ఇసక రేణువులుంటే డ్రైవరు అడుగంటదు. అడుగంటకపోతే జారుతుంది.

రాత్రి ఎండబెట్టి ఒక్కొక్క మర తల చుట్టూ ఒక్కొక్క చుక్క నూనె వేశాం. దీపపు వత్తి నూనెను పైకి పీల్చినట్టు సన్నని సందు పలచని నూనెను తనంత తానే లోపలికి లాక్కుంటుంది. దీన్ని కేశనాళికీయత అంటారు. ఆముదం వంటి చిక్కని నూనె పనికిరాదు. వెనకటి మేస్త్రీలు కిరసనాయిలులో కాస్త ఇంజన్ ఆయిలు కలిపి వాడేవారు. ఇప్పుడు డబ్బాలలో పిచికారీ నూనెలు దొరుకుతున్నాయి. వాటిలో పేరుపడిన డబ్ల్యూడీ-40ని 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో తయారుచేశారు. రాకెట్ల లోహం మీదినుంచి తేమను తరిమివేసే ద్రవం కోసం ప్రయత్నిస్తే నలభయ్యోసారి కుదిరిందట. ఆ పేరులోని 40 అదే. ముప్ఫైతొమ్మిదిసార్లు కుదరకపోవడం ఆ డబ్బా మీదనే రాసి ఉన్నదన్నమాట. కుర్రవాడికి ఇది బాగా నచ్చింది.

రెండవ రోజు డ్రైవరు తీశాను. ఇక్కడ నేనే చాలా ఏళ్ళు తెలియక చెడగొట్టిన సంగతి ఒకటి చెప్పాలి. మనం స్టారు డ్రైవరు అనే దానికి ఇంగ్లీషు పేరు ఫిలిప్స్. అమెరికాలో పోర్ట్‌లండ్‌కు చెందిన హెన్రీ ఫిలిప్స్ అనే ఆయన 1936లో దీనికి పేటెంటు పొందాడు. ఇందులో తిప్పే బలం మితిమీరితే మొన గాడిలోనుంచి పైకి తన్నుకువస్తుంది. జపాన్ వస్తువుల మీద ఉండే కూడికగుర్తు గాడి చూపులకు అచ్చం ఇట్లాగే ఉంటుంది గాని కొలత వేరు. ఫిలిప్స్ మొన అందులో అడుగుదాకా దిగక పైపైన పట్టుకుంటుంది. బలం పెట్టగానే అంచులు గీసుకుపోతాయి. జపాన్ కొలత డ్రైవరు వేరే దొరుకుతుంది. కుర్రవాడి నాలుగో మర తల అరగడానికి వాడి మొరటుతనం సగమే కారణం, డ్రైవరు మిగతా సగం.

రీలును మడతపెట్టిన దుప్పటి మీద కదలకుండా పెట్టించాను. డ్రైవరును నిలువుగా ఆనించి దాని పిడి మీద చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు వేశాను. తలుపు తట్టినట్టు, అంతకంటే గట్టిగా కాదు. పోత అల్యూమినియం పెళుసు, పగులుతుంది. ఆ అదురుకు తుప్పు పొర చిట్లుతుంది. తరవాత ఒంటి బరువంతా డ్రైవరు మీద మోపి నొక్కుతూ, విప్పే వైపు కాక బిగించే వైపు రవంత తిప్పి, అప్పుడు విప్పే వైపు తిప్పాలి. నొక్కడానికి మూడు వంతుల బలం, తిప్పడానికి ఒక వంతు. మొదటిది "కిర్రు"మని వచ్చింది. రెండోది కూడా వచ్చింది. మూడోదానికి మళ్ళీ నూనె వేసి మరునాటిదాకా ఆగవలసి వచ్చింది.

ఇక మిగిలినది తల అరిగినది. దాని మీద సైకిలు ట్యూబు ముక్క పరిచి డ్రైవరు నొక్కి తిప్పాం. రబ్బరు గుంటలోకి దిగి పట్టు ఇస్తుంది. మరీ బిగుసుకోని వాటికి ఇది చాలు. దీనికి చాలలేదు. తల పైకి పొడుచుకుని ఉంటే హేక్సా బ్లేడుతో దానిమీద అడ్డంగా గాడి కోసి మైనస్ డ్రైవరుతో తిప్పవచ్చు. ఈ తల మూతలోని గుంటలో కూర్చుని ఉన్నది, బ్లేడు అందదు.

మూడవ రోజు వేడి ప్రయోగించాం. బండి చక్రానికి కమ్మరి ఇనుప పట్టా వెయ్యడం మీ తాతగారిని అడగండి. పట్టాను నిప్పులో ఎర్రగా కాల్చి, సాగగానే చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తారు. అది ముడుచుకుని కొయ్యను బిగించి పట్టుకుంటుంది. మనం దాన్ని తిరగేస్తున్నాం. ఒక డిగ్రీ వేడికి అల్యూమినియం పదిలక్షల వంతులలో సుమారు 23 వంతులు సాగితే ఈ రకం స్టీలు 17 వంతులే సాగుతుంది. మూడు మిల్లీమీటర్ల రంధ్రాన్నీ మేకునూ 60 డిగ్రీలు వేడి చేస్తే రెండింటికీ వచ్చే తేడా మిల్లీమీటరులో వెయ్యో వంతు. నవ్వకండి. తుప్పు పొర చిట్లడానికి, నూనె ఇంకొంచెం దిగడానికి అది పనికివస్తుంది. మూత మీది నూనెంతా తుడిచేసి, మాటు వేసే కరెంటు కాడను మర తలకు రెండు నిమిషాలు ఆనించాను. నూనె తడి ఉంటే మంట అంటుకుంటుంది. రీలు ఒళ్ళు ప్లాస్టిక్ జాతిదయితే ఈ పని అసలే చెయ్యరాదు, కరిగిపోతుంది. పిల్లలు ఇది చూడవలసిందే గాని చెయ్యకూడదు.

అయినా కదలలేదు.

కుర్రవాడి ముఖం వాడిపోయింది. "ఒగ్గేద్దాం మేస్టారూ, అయ్య కొడితే కొడతాడు," అన్నాడు.

నాలుగో రోజు డ్రిల్లు తీశాను. ఇంత దూరం రాకుండా ఉండాలనే మూడు రోజులు కాలయాపన చేశాను. డ్రిల్లు వేస్తే మరమేకు దక్కదు, చెయ్యి వణికితే మూత కూడా దక్కదు. ఇద్దరం కళ్ళద్దాలు పెట్టుకున్నాం. అరిగిపోయిన గుంటే మొనకు చోటు చూపించింది. మేకు కాండం మందమెంతో అంత మందం గల మొన పెట్టి నెమ్మదిగా తలను మాత్రమే తొలిచాను. రెండు మిల్లీమీటర్లు దిగేసరికి తల ఉంగరంలాగా ఊడి మొనకు చుట్టుకుంది. మూత పైకి లేచింది!

మేకు కాండం ఒంటిలోనుంచి కాస్త పొడుచుకుని నిలబడింది. పట్టకారుతో పట్టుకుని తిప్పమని కుర్రవాడికిచ్చాను. వాడు ఊపిరి బిగబట్టి తిప్పాడు. అది ఏ మొరాయింపూ లేకుండా చేతిలోకి వచ్చేసింది. వాడు నమ్మలేక నా ముఖం చూశాడు. మరను బిగించి పట్టుకునేది ముఖ్యంగా తలే. తల మూతను నొక్కుతూ ఉండడంవల్ల మర చుట్లు ఒకదాన్నొకటి లాగుకుంటూ ఉంటాయి. తల పోగానే ఆ లాగుడు పోయింది. నాలుగు రోజులుగా తాగించిన నూనె మిగతా పని చేసింది.

రాలిన రజనును తియ్యడానికి వాడు పాత స్పీకరు అయస్కాంతం తెచ్చాడు. ఒక్క పలుకు కూడా అంటలేదు. నికెలు కలిసిన స్టెయిన్‌లెస్ స్టీలు చాలావరకు అయస్కాంతానికి అంటదు. మీ వంటింటి గిన్నెల మీద అయస్కాంతం పెట్టి చూడండి, కొన్ని అంటుతాయి, కొన్ని అంటవు. మేము తడిగుడ్డతో తుడిచి తీశాం.

లోపల పళ్ళచక్రం సందున మూడు ఇసక రేణువులు, నల్లబడిన గ్రీజు. గరగరకు కారణం అంతే. పాతదంతా కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి కొత్త గ్రీజు పెట్టాం. నాలుగో మరకు జత దొరకలేదు. శ్రీకాకుళంలో కెమెరాలు బాగుచేసే చోట అదే కొలతది దొరికింది గాని దాని తల మైనస్ గాడిది. బిగించే ముందు ప్రతి మర చుట్లకూ రవంత గ్రీజు పూయించాను. అలారం ఓడ మేకులకు కాగితం చేసిన పని మా మేకులకు గ్రీజు చేస్తుంది. మరను రంధ్రంలో పెట్టి ముందు వెనక్కి తిప్పమన్నాను. "టక్"మని చిన్న చప్పుడయి మర ఒకింత కిందికి దిగుతుంది. అప్పుడు ముందుకు తిప్పితే పాత చుట్లలోనే ఎక్కుతుంది, కొత్త దారి తొలవదు. నాలుగు మరలకూ నాలుగు "టక్"లు వాడే విని చెప్పాడు.

జూన్ మొదటి వారంలో తండ్రీకొడుకులిద్దరూ వచ్చారు. తండ్రి రీలు పిడి తిప్పాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, మూత తిప్పి చూశాడు. బొటనవేలు ఆ మైనస్ తల దగ్గర ఆగింది.

"ఈడు అంతా సెప్పీసినాడు, మేస్టారూ," అన్నాడు. తరవాత కాస్త మొగమాటపడుతూ సంచీలోనుంచి ఇంకో రీలు తీశాడు. వెరావల్‌లో తోటివాడిదట, రెండేళ్ళుగా విప్పడం ఎవరి వల్లా కాలేదట. "ఇది కూడా ఓపాలి సూడండి."

నేను చెయ్యి చాచేలోగా కుర్రవాడు దాన్ని అందుకుని మూత అంచున వేలితో రాసి చూశాడు.

"ఉండయ్యా," అన్నాడు తండ్రితో. "దీన్ని ఇయ్యాల ముట్టుకోకూడదు. ముందు మంచినీల్లగుడ్డ ఎయ్యాల."